ఎదురుగాలి దూరం

రెండు ఊళ్ల మధ్య దూరం ఎంతని అడిగితే మామూలు మనుషులు ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. తక్కెడమ్మను అడిగితే మాత్రం "ఎటు నుంచి ఎటు?" అని ఎదురు ప్రశ్న వేస్తుంది. అడిగినవాడు తెల్లమొహం వేస్తే అదో సరదా ఆమెకు. మ్యాపు మీద దూరం ఎవరు కొలిచినా ఒకటే. ఆకాశంలో అలా కుదరదు. అంత ఎత్తున పడమటి గాలి ఏరులా పారుతూ ఉంటుంది. దానికి ఎదురు వెళ్లే విమానం అదే దూరానికి ఎక్కువసేపు ఎగరాలి, ఎక్కువ ఇంధనం మోయాలి. ఇంధనం బరువు పెరిగిన మేరకు మనుషుల బరువో పెట్టెల బరువో తగ్గించాలి. విమానాశ్రయం పై అంతస్తులో, కిటికీ లేని తూకం గదిలో కూర్చుని ఆ తగ్గించే పని చేస్తుంది తక్కెడమ్మ.

ఆ పేరు పెట్టింది ఆమె భర్తే. ఇద్దరూ ఒకే గదిలో పనిచేసిన రోజుల్లో, ఈవిడ కూరలో ఉప్పు కూడా తూచి వేస్తుందని నలుగురిలో అన్నాడు, అంతే, అది అతుక్కుపోయింది. పేరు పెట్టినాయన ఇప్పుడు పదకొండు వేల కిలోమీటర్ల అవతల, పడమటి దిక్కున, మరో విమానాశ్రయంలో పైలట్లకు దారి లెక్కలు వేసి ఇస్తున్నాడు. రెండేళ్లకని బదిలీ చేశారు. ఆరో ఏడు నడుస్తోంది.

ఉద్యోగులకు కంపెనీ పాసులిస్తుంది. పాసుంటే డబ్బు కట్టక్కర్లేదు, కానీ సీటు ఖాయం కాదు. డబ్బు కట్టినవాళ్లందరూ ఎక్కాక, పెట్టెలన్నీ ఎక్కాక, ఇంకా బరువుకు జాగా ఉంటే వెయిటింగులో ఉన్నవాళ్లను పిలుస్తారు. మొదట్లో ఆయనే అలా నెలకోసారి వచ్చేవాడు, ఆమె అటు వెళ్లింది లేదు. తరువాత మూడు నెలలకోసారి. ఈ రెండేళ్లలో ఒక్కసారీ రాలేదు. విమానం నిండిపోయిందని చెప్పేవాడు. అంత దూరం దారిలో విమానాలు నిండక ఏంచేస్తాయని ఆమె కూడా అనుకునేది.

ఈసారి వస్తాడనే అనుకుంది. మర్నాటికి సెలవు పెట్టింది. గుమ్మం పక్క ఆయన చెప్పులు దులిపి పెట్టింది. బాత్రూమ్ దీపం పోయి చాలా కాలమైంది, అది ఆయన ఎత్తుకే అందుతుంది కాబట్టి కొత్త బల్బు తెచ్చి అల్మరాలో ఉంచింది. దీపం లేక ఆమె రోజూ తలుపు సగం తీసుకుని, హాల్లో లైటు వెలుగులో స్నానం చేస్తోంది. చూసేవాళ్లెవరున్నారు గనక.

సాయంత్రం దిండుకు ఉతికిన గలీబు తొడుగుతుంటే ఫోన్ మోగింది.

"ఎక్కలేదోయ్," అన్నాడాయన. "ఎదురుగాలి ఎక్కువగా ఉందట. వెయిటింగు వాళ్లందర్నీ ఆపేశారు."

"అయ్యో, పోనీలెండి. అన్నం తిన్నారా?" అందామె.

తిన్నానన్నాడు. నువ్వు జాగ్రత్త అన్నాడు. ఆమె దిండు గలీబు తీయబోయి, మళ్లీ ఎందుకు తీయడమని వదిలేసింది. ఇద్దరికి వండింది ఒక్కతే రెండు పూటలా తినాలి.

సెలవు రద్దు చేసుకుని పొద్దున్నే డ్యూటీకి వెళ్లింది. ఇంట్లో కూర్చుని గోడలకు కబుర్లు చెప్పడం కంటే అదే నయం. తూకం గదిలో ఆమె కుర్చీకి ఎదుటి కుర్చీ బట్టతలాయనది. ఆయన వచ్చే విమానాల పని చూస్తాడు, ఈమె వెళ్లే విమానాల పని. ఆయన ఆరోజు మంచి చిరాకులో ఉన్నాడు. పడమటి నుంచి రావాల్సిన విమానం ముప్పావు గంట ముందే వచ్చి దిగింది, నిలబెట్టడానికి జాగా లేదు, మెట్ల బండి లేదు, దింపే మనుషులు ఇంకా టీ కొట్టు దగ్గరే ఉన్నారు.

"వెనకగాలి అలా తోసింది మరి," అన్నాడు. "అల్లుడు ముందు రోజే దిగినట్టుంది మన పని. పోనీ నిండుగా వచ్చిందా అంటే అదీ లేదక్కా, సగం సీట్లు ఖాళీ."

తక్కెడమ్మ పెన్సిలు ముక్కు చూసుకుంటూ ఉండిపోయింది. పెన్సిలు బాగానే ఉంది. అయినా మరోసారి చెక్కింది.

భర్త ఎక్కాల్సిన విమానం అదే. అక్కడి నుంచి ఇక్కడికి పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది. ఎప్పుడూ అంతే. ఆ వైపు ఎదురుగాలి అనేది ఉండదు. ఈ సంగతి కూరగాయల బండివాడికి తెలియకపోవచ్చు, పక్కింటావిడకు తెలియకపోవచ్చు. పాతికేళ్లు గాలి లెక్కలు వేసిన మనిషికి తెలియకపోవడమేమిటి?

భర్త ఎక్కాల్సిన విమానాల లెక్క చూడాలంటే ఆమెకు క్షణం పని. ఇన్నేళ్లలో ఎన్నడూ చూడలేదు. అది మొగుడి జేబులు వెతికినట్టుంటుందని ఆమె అభిప్రాయం. ఇప్పుడూ పాతవి చూడలేదు. చూడనక్కర్లేకుండానే అర్థమైంది.

మధ్యాహ్నం ఇదే విమానం తిరిగి పడమటికి వెళ్తుంది. దాని తూకం ఆమే వేయాలి. ముందు ఇంధనం, తరువాత మనుషులు, తరువాత పెట్టెలు, చివర సరుకు. ఈ వైపు నిజంగానే ఎదురుగాలి గట్టిగా ఉంది. వెయిటింగులో ముగ్గురున్నారు. మామూలుగానే ముగ్గురి పేర్ల మీదా గీత కొట్టింది. తరువాత సెలవు కాగితం తీసి, మూడు రోజులకు రాసి, బట్టతలాయన చేతికిచ్చింది. మర్నాటి వెయిటింగులో తన పేరు వేయమంది.

"బావగారి దగ్గరకా?" అన్నాడాయన సంబరంగా. ఆమె తలూపింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. భర్తకూ చెప్పలేదు. చెబితే ఇంకో గాలి చెబుతాడేమోనని భయపడింది.

వెయిటింగు వాళ్లు కూర్చునే బెంచీ కౌంటరు చివర, చెత్తబుట్టకూ నీళ్ల మిషనుకూ మధ్య ఉంటుంది. తక్కెడమ్మ ఇన్నేళ్లలో అక్కడ కూర్చున్నది లేదు. తను పాసు మీద పుట్టింటికో పెళ్లికో వెళ్లినప్పుడల్లా తూకం గదిలోనే ఉండి, పేరు ఖాయమయ్యాక దిగి వచ్చేది. ఈసారి సెలవులో ఉన్న మనిషి గదిలో ఎందుకని పెట్టె పట్టుకుని బెంచీ మీదే కూర్చుంది.

పక్కన ఒక భారీ ఆవిడ అప్పటికే రెండు సంచులతో విడిది చేసి ఉంది. విమానాల్లోకి భోజనాలు పంపే వంటశాలలో పనట. నోట్లో నువ్వు గింజ నానని రకం. కూర్చున్న కాసేపట్లోనే తక్కెడమ్మను వదినను చేసేసుకుని, తను నిన్న కూడా ఇక్కడే కూర్చున్నానని, ఇవాళైనా ఎక్కకపోతే సంచిలో పెట్టినవి పాడైపోతాయని చెప్పింది.

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు చూడు వదినా, అలా ఉంది మన బతుకు. కంపెనీ పాసిస్తుంది. పైన తూకం గదని ఒకటుందంట, వాళ్లు ఎక్కనివ్వరంట. విమానం ఖాళీగా పోతున్నా సరే. ఎవరో తక్కెడమ్మంట అక్కడ."

"నేనే," అంది తక్కెడమ్మ.

వంటశాల ఆవిడ నాలుక కరుచుకుంది. అయితే అట్టే సేపు కాదు. "మరి నువ్వే ఇక్కడ కూర్చున్నావేం?" అని నవ్వింది. ఆ తరువాత గొంతు తగ్గించి, లెక్కలో తనను ఎన్ని కిలోలు వేస్తారని అడిగింది. మనిషిని చూసి కాదని, అందరికీ ఒకటే బరువు వేస్తామని తక్కెడమ్మ చెబితే ఎంతో తృప్తి పడింది. ఆ ముక్క తన కూతురికి చెప్పాలంది.

ఆవిడ ఎక్కడికి వెళ్తోందంటే, సొంత అక్కను తిట్టడానికి. ఏదో పెళ్లిలో మాటా మాటా అనుకుని మూడేళ్లుగా మాటల్లేవు. ఫోన్‌లో తిట్టబోతే అక్క పెట్టేస్తోందట. ఎదురుగా ఉంటే ఎక్కడికి పోతుంది, తిట్టినన్ని తిట్టి, అదే చేత్తో నాలుగు రోజులు వండిపెట్టి వస్తానంది. తక్కెడమ్మకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నీళ్ల మిషను దగ్గరకు వెళ్లి కాసేపు గ్లాసు పట్టుకుని నిలబడింది. ఒక మనిషి తిట్టడానికి పదమూడు గంటలు ఎగరబోతోంది. తన మనిషి ఒక్క మాట చెప్పడానికి రాలేకపోయాడు.

పొద్దున గాలి మ్యాపు చూసే వచ్చింది ఆమె. ఇవాళ కుదరదని తెలుసు. అయినా కౌంటరు అమ్మాయి ఫోన్ మోగినప్పుడల్లా ఆమె వీపు నిటారుగా అయ్యేది. బెంచీ మీది ఐదుగురూ అలాగే లేచి కూర్చునేవాళ్లు. ఒక మెకానిక్కు, బూట్లు విప్పుకుని కూర్చున్నవాడు, ప్రతిసారీ బూట్లు వేసుకుని మళ్లీ విప్పేవాడు. అన్నానికి వెళ్తే పిలుస్తారేమోనని ఎవరూ లేవలేదు.

"ఏమైనా తెలిసిందా అమ్మా?" అని వంటశాల ఆవిడ కౌంటరు దగ్గర అడిగింది.

"ఇంకా పైనుంచి రాలేదండీ. కూర్చోండి," అంది ఆ అమ్మాయి, మొహం చూడకుండా.

పైనుంచి ఎప్పుడో వచ్చింది. ఆ అమ్మాయి మోచేతి కింద ఉన్న కాగితం రంగు చూస్తే తక్కెడమ్మకు తెలుసు. లెక్క మిట్టమధ్యాహ్నానికి ముందే తేలిపోతుంది. కానీ తలుపులు మూసేదాకా వెయిటింగు వాళ్లకు చెప్పొద్దన్నది తూకం గది పద్ధతి. ముందే చెబితే గొడవ చేస్తారు, కాళ్లా వేళ్లా పడతారు. ఎప్పుడో ఒకసారి, డబ్బు కట్టినవాడు ఆఖరి నిమిషంలో రాకపోతే, ఒకరికి చోటు దొరుకుతుంది కూడా. అందుకని ఉంచుతారు. ఆ పద్ధతి పెట్టింది కూడా తక్కెడమ్మే. పై గదిలో అది ఎంతో సబబుగా కనిపించింది. బెంచీ మీద కూర్చుంటే నడుము లాగుతోంది, ఆకలేస్తోంది, అవతలివాళ్లకు తెలిసి తమకు తెలియని మాట ఒకటి కౌంటరు గాజు వెనకే ఉంది.

విమానం కదిలాక ఆ అమ్మాయి లేచి, "ఈరోజు ఎవరికీ లేదండీ," అంది. మెకానిక్కు బూట్ల తాళ్లు బిగించుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు, "ముందే చెప్పి ఏడిస్తే పోయేది కదా," అన్నాడు.

మర్నాడు గాలి తగ్గింది. పడమటి దారి కాస్త దిగివచ్చి, మ్యాపులో ఉన్నంత దూరానికి దగ్గరగా వచ్చింది. బట్టతలాయన ఫోన్ చేసి, అక్కా ఇద్దరికి చోటు చేశాను, పైపేరు నీదే, రెండోది ఆ వంటశాల ఆవిడది అని చెప్పాడు. కౌంటరు అమ్మాయి రెండు పేర్లూ పిలిచింది. వంటశాల ఆవిడ పిలుపు పూర్తికాకముందే సంచులు భుజానికెత్తుకుంది. తక్కెడమ్మ పక్కకు వెళ్లి భర్తకు ఫోన్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది.

"నాకు చోటు దొరికిందండీ. ఎక్కుతున్నాను," అంది.

ఆయన కంగారుపడ్డాడు. "ఇక్కడికా? ముందు చెప్పొచ్చుగా."

"మొన్న మీరు ఎదురుగాలి అన్నారు."

"అన్నాను."

"అక్కడి నుంచి ఇక్కడికి ఎదురుగాలి ఎక్కడిదండీ?"

వెనక ఎక్కడో నీళ్లు కాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన గదిలో ఏం ఉంటుందో, పొయ్యి ఏ మూల ఉంటుందో తనకు తెలియదని ఆమెకు అప్పుడు తట్టింది.

"లేదు. నాకు తెలుసు," అన్నాడు.

"తెలిసీ ఎందుకన్నారు?"

"నీకు తెలుస్తుందనే."

ఆమె గోడకు ఆనుకుంది.

"గాలి ఏ వైపు వీస్తుందో నేను మర్చిపోతానా?" అన్నాడాయన మెల్లగా. "విమానం నిండిందంటే నమ్ముతూ పోయావు. ప్రతిసారీ నమ్మావు. నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. ఇలా అంటే నీకే అర్థమవుతుందని... నువ్వే అడుగుతావని అనుకున్నాను."

"ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరు. ఒట్టు. ఒక్కణ్ణే ఉంటున్నాను. ఇలా ఒక్కణ్ణే ఉండటం బాగుంది. ఇంక రావాలని లేదు."

ఎవరైనా ఉంటే బాగుండేదనుకుంది ఆమె. తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేది. ఒంటరితనమే తనకంటే బాగుందన్నవాణ్ణి ఏమని తిడుతుంది? తను ఆరేళ్లు దాన్నే మోసింది, ఒక్కరోజు కూడా అది బాగుందనిపించలేదు.

"ఎన్నాళ్లయింది ఇలా అనిపించి?"

"రెండేళ్లవుతుంది."

"రెండేళ్లు నన్ను వెయిటింగులో కూర్చోబెట్టారన్నమాట," అందామె. గొంతు వణకలేదు. వణికితే బాగుండు, ఆయనకు కాస్తయినా వినపడేది. ఇంకేమీ అనకుండా పెట్టేసింది.

కౌంటరు దగ్గరకు వచ్చి తన పేరు తీసేయమంది. అమ్మాయి ఎందుకు మేడమ్ అంటే, పని పడిందని చెప్పింది. తరువాతి పేరు మెకానిక్కుది. అతను ఒక కాలికి బూటు లేకుండానే పరుగెత్తాడు, మళ్లీ వెనక్కి వచ్చి బూటు తీసుకున్నాడు. వంటశాల ఆవిడ తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "వదినా, రావా?" అని అరిచింది.

"మీ అక్కను నా వంతు కూడా తిట్టండి," అంది తక్కెడమ్మ. ఆవిడ నవ్వి, ఇంకేదో అడగబోయి, ఈమె మొహం చూసి అడగకుండా వెళ్లిపోయింది.

పెట్టె తీసుకుని ఇంటికి వచ్చి, దాన్ని విప్పకుండానే మంచం పక్కన పెట్టింది. ఆరోజంతా ఏడ్చింది. ఏడుస్తూ వంట చేసింది, అలవాటు కొద్దీ ఇద్దరికి బియ్యం పోసి, చేత్తో సగం వెనక్కి తీసింది.

మిగిలిన సెలవు వదులుకుని మర్నాడు డ్యూటీలో చేరింది. బట్టతలాయన ఆమె కళ్లు చూసి బావగారి ఊసెత్తలేదు. టీ తెచ్చి ముందు పెట్టి తన పనిలోకి దూరిపోయాడు. అంతకు మించిన మర్యాద ఆయనకు తెలియదు, ఆమెకూ అంతకు మించి అక్కర్లేదు.

గాలి మళ్లీ లేచింది. ఆమె ఇంధనం వేసింది, మనుషులను వేసింది, పెట్టెలను వేసింది. వెయిటింగులో నలుగురు. రెండుసార్లు లెక్క చూసినా ఒక్కరికీ జాగా రాలేదు. పెన్సిలు ఎత్తి నాలుగు పేర్ల మీదా గీత కొట్టి, కాగితం కిందికి పంపే పెట్టెలో వేయబోయి ఆగింది. కాగితం చేత్తో పట్టుకుని లేచింది.

"ఎక్కడికక్కా?" అన్నాడు బట్టతలాయన.

"కిందికి. చెప్పొస్తాను."

"ఇప్పుడే చెబితే మీద పడతారు."

"పడనీ."

బెంచీ మీద నలుగురూ ఆమెను చూసి నిటారుగా అయ్యారు. ఇద్దరు అన్నదమ్ముల్లాంటివాళ్లు, ఒక గుమాస్తా, ఒక చివర ఒక ముసలామె, ఒళ్లో టిఫిన్ డబ్బా. విమానాశ్రయంలో నేల తుడిచే పనట, మనవరాలి దగ్గరికి వెళ్తోంది. తక్కెడమ్మ తను ఎవరో చెప్పింది. గాలి ఎదురుగా ఉందని, తన లెక్కలో ఎవరికీ చోటు రాలేదని చెప్పింది. ఆఖరి నిమిషంలో ఎవరైనా రాకపోతే ఒకరు ఎక్కవచ్చు, కానీ అది ఎప్పుడో పదిసార్లకు ఒకసారి జరిగే మాట అని కూడా చెప్పింది.

"ఉంటారో వెళ్తారో మీ ఇష్టం. నాకు తెలిసింది ఇంతే. తెలిసినప్పుడే చెబుతున్నాను."

మీద పడతారనుకుంది. అన్నదమ్ముల్లో ఒకడు కంపెనీని నాలుగు తిట్లు తిట్టాడు, అంతే. ఇద్దరూ సంచులు తీసుకుని వెళ్లారు. గుమాస్తా గడియారం చూసుకుని, అయితే భోజనానికి ఇంటికి పోవచ్చన్నమాట అని, అదేదో లాభం వచ్చినట్టు వెళ్లిపోయాడు. ముసలామె కదల్లేదు.

"మీరు వెళ్లరా అమ్మా?"

"ఉంటాను తల్లీ. ఇంటికెళ్లి మాత్రం చేసేదేముంది," అంటూ ఆమె డబ్బా మూత తీసింది. ఇందాకటి నుంచి ఒళ్లో పెట్టుకునే ఉంది, తినలేదు. ఇప్పుడు నింపాదిగా తినడం మొదలుపెట్టింది.

విమానం తలుపులు మూశారు. డబ్బు కట్టినవాళ్లందరూ వచ్చారు, ఎవరూ తప్పలేదు. తక్కెడమ్మ మళ్లీ మెట్లు దిగి వచ్చింది. ముసలామె ఆమెను చూసి, తనే ముందుగా డబ్బా సంచిలో పెట్టుకుని లేచింది.

"లేదమ్మా," అంది తక్కెడమ్మ. "అనవసరంగా కూర్చున్నారు."

"నువ్వు చెప్పావుగా. తెలిసే కూర్చున్నాను," అంది ముసలామె. "తెలియక కూర్చుంటేనే తల్లీ, నడుము విరిగేది."

తక్కెడమ్మ ఆమె సంచి అందుకుని బస్సు దాకా తోడు వెళ్లింది. బస్సు కదిలాక, కిటికీలోంచి ముసలామె చెయ్యి ఊపింది.

సాయంత్రం ఇంటికి వెళ్లి, ఎదుటి వాటా తలుపు తట్టింది. ఆరేళ్లలో ఎప్పుడూ తట్టని తలుపు. నిచ్చెన ఉందా అని అడిగింది. ఉందన్నారు, మేం వచ్చి వేస్తామన్నారు. వద్దులెండి, పట్టుకుంటే చాలంది. ఆ ఇంటావిడ కింద పట్టుకుంటే తనే ఎక్కి, పాత బల్బు తిప్పి తీసి, అల్మరాలోని కొత్తది బిగించింది.

"ఇంత చీకట్లో ఇన్నాళ్లు ఎలా ఉన్నారండీ?" అంది ఆవిడ.

"ఎవరో వచ్చి వేస్తారని," అంది తక్కెడమ్మ.

ఆవిడ నిచ్చెన తీసుకుని వెళ్లాక స్విచ్చి వేసి చూసింది. మూలన పట్టిన పాచి, అద్దం మీది మరకలు, సబ్బు పెట్టెలో ఎండిపోయిన ఆయన సబ్బు ముక్క, అన్నీ కనిపించాయి. ఆ ముక్క తీసి బయట పారేసింది. హాల్లో లైటు ఆర్పింది. ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు, ఇక ఎవరూ రారు. అయినా బాత్రూమ్ తలుపు పూర్తిగా మూసి, గడియ వేసుకుని స్నానం చేసింది.